మూడో చరణం

పాటలాయన పోయి ఏడాదైంది. ఆయన కట్టిన కీర్తన పాడని ఆదివారం లేదు. ప్రార్థన మందిరంలో పెద్దింటివాళ్లకు ముందు బల్లలు, వీధులూడ్చేవాళ్లకు గుమ్మం బయట చోటు అనే పద్ధతిని మాన్పించింది ఆయనే. బల్లలన్నీ తీయించి నేలంతా చాపలు పరిపించాడు. ముందొచ్చినవాళ్లు ముందు కూర్చోండి అన్నాడు. తాను మాత్రం ఎంత పెందలాడే వచ్చినా వెళ్లి చివర కూలబడేవాడు. కట్టుకున్న పాపానికి భార్యా అక్కడే. తలుపు సందు గాలికి నడుం పట్టేసినా ఆమె కిక్కురుమనలేదు. ఒక్కసారైనా ముందు కూర్చోవాలని మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఆశ.

సంస్మరణ ప్రార్థన నాడు పాస్టరుగారు చాపలన్నిటికీ ముందు మెత్త వేసిన కుర్చీ ఒకటి వేయించారు.

"మీరిక్కడ కూర్చోవాలమ్మా. ఆయనకు గౌరవంగా ఉంటుంది."

ఆమె వెనక్కి చూసింది. మందిరం ఊడ్చే ఆవిడ, ఇన్నేళ్లూ చివరి చాప మీద తన పక్కన కూర్చున్న మనిషి, చెయ్యూపింది.

"కూర్చో వదినా. అన్నయ్య చూడ్డంలే."

కూర్చుంది. బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. నడుముకు హాయిగా ఉంది. పాస్టరుగారి గొంతు వినడమే తప్ప ముఖం ఇంత దగ్గరగా ఎన్నడూ చూసి ఎరగదు.

పాటలాయన మొదటి కీర్తన అందరూ ఎత్తుకున్నారు. రెండు చరణాలయ్యాక పాట నేరుగా నాలుగోదానికి వెళ్లిపోయింది. మరిచిపోయారేమో అనుకుని ఆమె పాస్టరుగారి వైపు చూసింది. ఆయన చూపు హార్మోనియం మీదికి తిప్పుకున్నారు. అప్పుడు అర్థమైంది. కుర్చీ వేశాక ఆ చరణం ఏ ముఖంతో పాడతారు?

ఆమెకు సిగ్గేసింది. వెంటనే మొగుడి మీద కోపమూ వచ్చింది. పోయాక కూడా మనిషిని సుఖంగా కూర్చోనివ్వడు కదా అనుకుంది.

పాట అయిపోయింది. అందరూ నోళ్లు మూశాక ఆమె ఒక్కతే ఎత్తుకుంది.

"ముందు చాప లేదయ్యా, వెనక చాప లేదయ్యా..."

అక్కడ ఆపేసి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా నేల మీదికి జారింది. పక్కవాళ్లు జరిగి చోటిచ్చారు.

"నీ యెదుట పరిచింది ఒక్కటే చాపయ్యా..."

వెనక నుంచి మందిరం ఊడ్చే ఆవిడ గొంతు కలిసింది. తర్వాత చాపలన్నీ పాడాయి.

దిగడమైతే దిగింది గానీ, ప్రార్థన ముగిశాక ఆమెను లేపడానికి ముగ్గురు పట్టాల్సి వచ్చింది. అందులో పాస్టరుగారు ఒకరు.

"మెల్లగా బాబూ," అందామె, "ఆ పక్క నొప్పి."