ఎఫెందీ దిద్దిన చోటు

పరీక్షకి అది రెండో రోజు. మసీదు మూలన ఇనప పొయ్యి పొద్దుటినుంచీ మండుతున్నా నేలలో చలి చావలేదు. రెఫియా గొర్రెతోలు మీద మోకాళ్లు మడిచి కూర్చుని, కళ్లు మూసుకుని, ఖురాను ఒప్పజెబుతోంది. ఎదురుగా పొట్టి బల్ల వెనక ముగ్గురు పరీక్షకులు. ముగ్గురి ముందూ పుస్తకాలు తెరిచి ఉన్నాయి. రెఫియా ముందు ఏమీ లేదు.

ఆమె వెనక, గోడకి చేరబడకుండా, మదర్సా పెద్ద షెఫ్‌కియా ఎఫెందీ కూర్చున్నాడు. ఎఫెందీ అంటే అక్కడివాళ్ల మాటలో గురువుగారు. గురువు వెనకే కూర్చోవాలని ఆచారం. ముఖం కనపడకూడదు. దగ్గకూడదు, నిట్టూర్చకూడదు. ఆయన ఇలా వెనక కూర్చుని పందొమ్మిది మందిని హాఫిజులుగా తయారుచేశాడు. ఖురాను మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చినవాళ్లే హాఫిజులు. ఈ కొండ ప్రాంతంలో ఆడపిల్ల ఆ పేరు తెచ్చుకోవడం ఇదే మొదలు కావాలి. రెఫియా అయిదేళ్ల కష్టం.

తప్పు వస్తే పెద్ద పరీక్షకుడు సబహుద్దీన్ గోటితో బల్ల మీద కొడతాడు. ఏం తప్పో చెప్పడు. పిల్ల వెనక్కి వెళ్లి తనే సరిచేసుకోవాలి. ఒకే చోట మూడు దెబ్బలు పడితే ఇక లేచిపోవడమే. మళ్లీ ఏడాదికి.

రెండు రోజుల్లో ఒక్క దెబ్బా పడలేదు.

ఏడో అధ్యాయం సగం దాటింది. మూసా ప్రవక్త ఎదుటికి ఈజిప్టు రాజు ఫిరౌను మాంత్రికులు వచ్చే ఘట్టం. ఆ కథే ఇరవైయారో అధ్యాయంలోనూ ఉంది. కథ ఒకటే, మాటల నడక వేరు. అజాగ్రత్తగా ఉంటే నాలుక ఇందులోంచి అందులోకి జారుతుంది. ఎఫెందీ చెవులు రిక్కించాడు. పిల్ల జారలేదు. ఆయన నేర్పినట్టే, ఆయన ఊపిరి తీసుకునే చోటే ఊపిరి తీసుకుని, చక్కగా చెప్పింది.

టక్.

ఎఫెందీకి నవ్వొచ్చింది. సబహుద్దీన్ చిన్నప్పుడు ఇక్కడే తడబడేవాడు. వాడి చెవి ఎన్నిసార్లు మెలిపెట్టాడో. ఇంత పెద్దవాడయ్యాడు, గడ్డం నెరిసింది, చోటు మాత్రం ఇంకా రాలేదు.

రెఫియా వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. అదే మాట.

టక్.

నవ్వు పోయింది. ఎఫెందీ మోకాళ్ల మీద చేతులు బిగించాడు. లేచి, ఒరేయ్, ఆ పుస్తకంలోకి చూడరా అనాలనిపించింది. అనకూడదు. రెఫియా తల కొంచెం, కొంచెమే, వెనక్కి తిరగబోయి ఆగింది. తర్వాత గొంతు సవరించుకుని మూడోసారి చెప్పింది. అదే మాట.

సబహుద్దీన్ వెంటనే కొట్టలేదు. వేలు గాలిలో ఉంది. పక్కవాళ్ల వంక చూశాడు. ఇద్దరూ తల దించుకున్నారు.

టక్.

"పిల్ల సరిగ్గానే చెప్పింది," అన్నాడు ఎఫెందీ. ఇన్నేళ్లలో వెనకనుంచి ఆయన గొంతు లేవడం అదే మొదలు.

సబహుద్దీన్ లేచి, తన పుస్తకం రెండు చేతులా పట్టుకొచ్చి, ఆయన పక్కన మోకరిల్లి, వరస మీద వేలు పెట్టాడు. ఎఫెందీ చదివాడు. మళ్లీ చదివాడు. పుస్తకం అట్ట తిప్పి చూశాడు. పైవరస నుంచి మొదలుపెట్టి మరోసారి చదివాడు. అరవై ఏళ్లుగా ఎక్కడ ఉందో కళ్లు మూసుకుని చూపించగల వరస. అందులో ఆ మాట లేదు. ఆ మాట ఇరవైయారో అధ్యాయంలోది.

"తప్పు నాది," అన్నాడు. "నేనే నేర్పాను. పిల్లది కాదు."

"తెలుసు ఎఫెందీ."

"తెలిస్తే మరి ఆ దెబ్బలు లెక్కలోకి రావు."

"నాలుక పిల్లదే కదా ఎఫెందీ. వచ్చే ఏడు చూద్దాం." సబహుద్దీన్ గొంతు తగ్గించాడు. "మీరు కూడా కాస్త విశ్రాంతి తీసుకోండి. పిల్లల పాఠాలు ఇంకెవరైనా వింటారు."

కోపంగా అన్నా బాగుండేది. చెవి మెలిపెట్టించుకున్నవాడు జాలిగా మాట్లాడుతుంటే ఎఫెందీకి ఎటు చూడాలో తెలియలేదు.

ముంగిట్లో రెఫియా తండ్రి అవ్దో పొట్టేలుని పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల గెలిచాక దువా ప్రార్థన చేసి పెట్టే విందుకని పైఊరినుంచి తెల్లవారక ముందే తోలుకొచ్చాడు. వంటామె షాహా గుమ్మంలో చేతులు తుడుచుకుంటోంది.

"నీ పొట్టేలు నా క్యాబేజీలు నాలుగు మొదళ్లదాకా మేసింది," అంటోంది షాహా. "దువాకి దాన్ని కోస్తే కడుపులోంచి నా క్యాబేజీ నాకు ఇచ్చెయ్."

"నాలుగేంటి, ఎనిమిది తిననీ. హాఫిజా తండ్రిని నేను. మొక్కుబడికైనా నాకో సలాం పెట్టవేం?"

"నువ్వు చదివావా, నీ పిల్ల చదివిందా? నీకు నమాజులో ఎటు తిరగాలో ఇప్పటికీ పక్కవాణ్ణి చూస్తేగానీ తెలీదు."

అంతలో రెఫియా బయటికొచ్చింది. తండ్రి ముఖం వంక చూడకుండా పొట్టేలు కొమ్ముల మధ్య చెయ్యి పెట్టింది. అవ్దోకి అర్థమైంది. షాహాకీ అర్థమైంది. అవ్దో టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"పోనీలే," అన్నాడు. "దీనికీ ఇంకో ఏడాది ఆయుష్షుంది."

షాహా వంటింట్లోకి వెళ్లింది.

మధ్యాహ్నం నమాజు తర్వాత ఎఫెందీ రెఫియాని తన గదికి పిలిపించాడు. షాహా కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, తలుపు ఓరగా వదిలేసి వెళ్లింది. కాఫీ చల్లారిపోయింది.

"ఎప్పుడు దిద్దాను?"

"పోయిన వసంతంలో ఎఫెందీ. మీకు జ్వరం తగ్గాక."

"అంతకు ముందు నీకు సరిగ్గానే వచ్చేదా?"

"వచ్చేది."

"పుస్తకం చూడలేదా?"

"చూశాను. మీరు నన్ను పరీక్షిస్తున్నారనుకున్నా. కదిలిస్తే కదులుతానో లేదోనని. అందుకే మొదటిరోజు మాట మార్చలేదు. మీకు కోపం వచ్చింది."

ఆయనకి గుర్తు లేదు. "తర్వాత?"

"నలభైసార్లు అనమన్నారు."

తప్పిన చోటు పైకి నలభైసార్లు అనిపించడం ఆ మదర్సాలో పద్ధతి. ఆయన గురువు ఆయనచేత అనిపించాడు. నలభై దాటితే ఆ మాట ఎముకల్లోకి దిగుతుంది, తీసినా రాదు.

"నాతో చెప్పొచ్చుగా తల్లీ."

"మీతోనా?" అంది రెఫియా. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఇవాళ రెండో దెబ్బకైనా పాత మాట అనొచ్చుగా."

"అందామనే అనుకున్నా ఎఫెందీ. అనబోతే మీ గొంతే వచ్చింది."

ఎఫెందీ కిటికీ వంక తిరిగాడు. ముంగిట్లో మిగతా పిల్లలు మంచు తోస్తున్నారు. పది మంది. పది మంది పాఠాలూ రోజూ ఆయనే వింటాడు, ఆయనే దిద్దుతాడు.

"ఇలాంటివి ఇంకెన్ని?"

"నాకు తెలిసి ఏడు."

"వాళ్లకి?"

"తెలీదు ఎఫెందీ. వాళ్లు మీరు దిద్దాక పుస్తకం చూడరు."

ఆయన లేచి అరలోంచి ఖురాను దించాడు. పాఠం వినేటప్పుడు ఆయన ముందు పుస్తకం ఎప్పుడూ లేదు. ఏడో అధ్యాయం తీసి, ఆ వరస మీద వేలు పెట్టి, "అను," అన్నాడు. ఆమె చూసి అంది. ఆయనా కలిసి అన్నాడు. ఒకటి, రెండు, పది. బయట అవ్దో పొట్టేలుని అదిలిస్తూ దారి పట్టిన చప్పుడు వినిపించి దూరమైంది. ఇరవై. ముప్పై. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. నలభై.

"ఇప్పుడు పుస్తకం చూడకు. అధ్యాయం మొదటినుంచి రా."

రెఫియా కళ్లు మూసుకుంది. గొంతు మెల్లగా మొదలై, దారిన పడి, వాగులా సాగింది. ఎఫెందీ వేలితో వరసలు వెంబడించాడు. పేజీ తిరిగింది. ఇంకో పేజీ. ఆ పిల్ల ఊపిరికి ఆయన ఊపిరి కలిసింది. ఆయనకి తెలియకుండానే పెదవులు కదిలాయి, కళ్లు మూతపడ్డాయి. అలా వినడమే ఆయనకి అలవాటు.

మాంత్రికులు వచ్చారు. రెఫియా ఆ చోటు దాటి, ఇంకో వాక్యం చెప్పి, ఆగింది.

"ఎఫెందీ, సరిగ్గా వచ్చిందా?"

ఆయన కళ్లు తెరిచాడు. వేలు ఆ చోటికి ఎనిమిది వరసల పైనే ఆగి ఉంది. రెండు మాటలూ, పుస్తకంలోదీ తను దిద్దినదీ, మనసులో అనుకుని చూశాడు. రెండూ ఒక్కలాగే, తప్పులేకుండా, తన గురువు గొంతుతోనే వినిపించాయి. పిల్ల వాటిలో ఏది అన్నదో ఆయనకి తెలియలేదు.

రెఫియా ఆయన ముఖంలోకి చూస్తూ, బల్ల మీద దెబ్బ కోసం ఎదురుచూస్తోంది.