మూడో సిలిండర్ వేడి

మళ్ళీ మూడోదే, అంతే కదా, ఈ మాత్రం దానికి పొద్దున్నుంచీ ఇంత ప్రయాస దేనికి, నేను మారను అని మొదటే చెప్పి ఉంటే సరిపోయేది కదే అని ఇంజనుతో మనసులోనే దెబ్బలాడుతూ రెబెకా స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది, హ్యాంగరు తలుపుల్లోంచి ఎండ సరాసరి కళ్ళలోకి కొడుతోంది, అక్టోబరు వచ్చినా రాయపూర్ ఎండకు సిగ్గు రాలేదు, ఎదురుగా పై మూత తీసేసిన చిన్న శిక్షణ విమానం, నాలుగు సిలిండర్ల ఇంజను, మోటారు సైకిలుకిలాగే గాలికి చల్లబడాల్సిందే, ఒంటినిండా పల్చటి రేకుల అరలు, ముందునుంచి దూరిన గాలి పైనుంచి కిందికి ఆ అరల సందుల్లోంచి జారిపోతూ వేడిని తనతో పట్టుకుపోవాలి, ఒకటోది, రెండోది, నాలుగోది బుద్ధిగా మూడువందల డెబ్బై డిగ్రీల దగ్గర కూర్చున్నాయి, మూడోది మాత్రం నాలుగువందల ముప్పై, ఒక కడుపున పుట్టిన నలుగురిలో ఒకడికే జ్వరం వచ్చినట్టు, మొన్న మీటరే అబద్ధం చెబుతోందేమోనని వేడిని కొలిచే తీగను పీకి ఒకటోదానికి పెట్టింది, ఒకటోదాని తీగ దీనికి పెట్టింది, వేడి తీగ వెంట పోలేదు, ఇక్కడే ఉంది, నిన్న స్పార్కు ప్లగ్గులు అటూ ఇటూ మార్చింది, ఇక్కడే, పెట్రోలు చిమ్మే సన్న రంధ్రం పూడుకుపోయి ఇంధనం చాలడం లేదేమోనని దాన్నీ మార్చింది, ఇక్కడే, ఇవాళ గొట్టాల కీళ్ళకు సబ్బునీళ్ళు రాసి గాలి ఊది చూసింది, ఒక్క బుడగ లేదు, సిలిండరులో ఒత్తిడి కూడా బంగారంలా ఉంది, ఇక మిగిలింది గాలి ఒక్కటే, గాలి, అనుకుని ఆ మాట దగ్గర ఆగి, ఎందుకో గబుక్కున లేచి వెళ్ళి చేతులు తుడుచుకుంది, తుడుచుకోవడానికి వాటికేమీ అంటలేదు.

గాలి సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్రీతి సంగతి, ఆ పిల్ల హ్యాంగరు బయట మెట్టు మీద గంట నుంచి కూర్చునే ఉంది, ఊళ్ళోని మోవా పేట నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది, పంతొమ్మిదేళ్ళు, వాళ్ళ నాన్న నయా రాయపూర్ సచివాలయంలో గుమాస్తా, కూతురు విమానం నడుపుతుందని కనబడ్డ ప్రతివాడికీ చెప్పుకుని తిరుగుతాడు, రేపు ఆమెకు పరీక్ష, రేపు గట్టెక్కితే ఒంటరిగా దూరం వెళ్ళి రావచ్చు, కానీ మూడు రోజుల నుంచి ఆమె ఎక్కిన ప్రతిసారీ ఈ మూడోది మీటరులో ఎర్రగీత వైపు పాకుతోంది, పెద్ద శిక్షకుడు మహేంద్ర సార్ అందరి ముందూ అననే అన్నాడు, ఇంజనులో ఏమీ లేకపోతే లోపం చేతిలోనే ఉన్నట్టు, విమానం ముక్కు అతిగా ఎత్తి పైకెక్కుతోంది, వేగం పడిపోతోంది, గాలి అందడం లేదు, ఇంజనీర్లు లోపం లేదని కాగితం ఇవ్వనీ, ఈమెను మళ్ళీ మొదటి పాఠానికి పంపిస్తాను అని, ఆయన మాటలో తప్పేం లేదు, ముక్కు ఎత్తితే వేడెక్కే మాట నిజమే, మిగతా పిల్లలు ఎక్కినప్పుడూ వేడెక్కింది కదా సార్ అని రెబెకా అడిగింది, వాళ్ళు చుట్టుపక్కలే తిరుగుతారు, ఎక్కువ ఎత్తుకు వెళ్ళేది ఈమే అన్నాడు, అదీ నిజమే, అన్నీ నిజాలే, అన్నీ కలిసి ఆ పిల్ల నెత్తిన కూర్చున్నాయి, ఇందాక నీళ్ళకని లోపలికొచ్చి పక్కన నిలబడి, అక్కా, సచ్ చెప్పండి, నేనే ముక్కు ఎక్కువ ఎత్తీస్తన్నానా, మీటర్ల ప్రకారం సరిగ్గానే పట్టుకుంటన్నాననిపిస్తది, కానీ సార్ అలా అన్నాక నా చెయ్యి మీద నాకే భరోసా పోయింది అంది, ఏడుపు కాదు, ఏడిస్తే బాగుండేది, తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ అంది, రెబెకా చూస్తున్నాం కదమ్మా అంది, చూస్తున్నాం, ఏం చూస్తున్నాం, చూడాల్సినచోట తప్ప అన్నిచోట్లా చూస్తున్నాం.

అదేం మాట, చూడాల్సినచోటు ఏముంది, పైనుంచి టార్చి వేసి చూసింది, గాలిని అటూ ఇటూ పోనివ్వకుండా ఆపే రబ్బరు అంచులు చక్కగా ఉన్నాయి, కింద మాత్రం చూడలేదు, కింద చెయ్యి దూర్చాలంటే ఇరుకు, మణికట్టు గీసుకుపోతుంది, నాన్న అయితే ఈపాటికి చెయ్యి పెట్టేసి ఉండేవాడు, వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు రత్నం, ఇరుసు పెట్టె వేడెక్కిందా లేదా అని మీటరు లేని కాలంలో చేత్తోనే చెప్పేవాడు, అరచెయ్యి కాదే తల్లీ, అరచెయ్యి మొండిది, ఆలస్యంగా చెబుతాది, చేతి వెనకాల పెట్టి సూడు, ఎంటనే చెప్పేస్తాది అనేవాడు, ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల చొక్కాతోనే టీ గ్లాసుకు చేతి వెనక ఆనించి వేడి చూసేవాడు, అమ్మ రూతమ్మ, రైల్వే ఆసుపత్రి నర్సు, గ్లాసునీ వ్యాగన్నీ ఒకటే చేసేవు అని నవ్వేది, ఆయన పనిచేసిన ముప్ఫై ఏళ్ళూ యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ రోజున తన లేతు మిషను పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడట, మర్యాదగా, ప్రసాదం బూందీ పొట్లం పుచ్చుకుని దారిలోనే తినేసి ఇంటికొచ్చేవాడు, అమ్మకు చెప్పేవాడు కాదు, అమ్మకు మూతి దగ్గర చక్కెర చూసి తెలిసిపోయేది, అడిగేది కాదు, ఎవరూ ఆయనను తిట్టలేదు, వెళ్ళగొట్టలేదు, అలాగే ఎవరూ ఆయన చేతికి పూజలో మిషనుకు కట్టే ఎర్రగుడ్డ ఇచ్చి నువ్వు కట్టు రత్నం అని కూడా అనలేదు, ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ అనలేదు, తనతో మాత్రం అన్నారు.

అన్నది ధనుంజయ్ గారు, హ్యాంగరులో అందరికన్నా పెద్ద ఇంజనీరు, పుట్టింది రాయపూర్‌లో, మాట మాత్రం తాతగారి విజయనగరందే, మధ్య మధ్య హిందీ, మొన్న సెప్టెంబరు పదిహేడున, విశ్వకర్మ పూజకు హ్యాంగరంతా కడిగి, మూడు విమానాలకూ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, కొబ్బరికాయ కొట్టాక, తన అలవాటు ప్రకారం, కాదు, నాన్న అలవాటు ప్రకారం, చేతులు వెనక్కి కట్టుకుని ఒక పక్కన నిలబడ్డ రెబెకాను పిలిచి, ఇదేటమ్మా అక్కడ నిలబడిపోయావు, ఈ ఇంజను నట్టునట్టూ విప్పి బిగించింది నువ్వు కదా, దీనికి మేం కట్టీడమేటి, హక్ నీది, నువ్వే కట్టు అని జరీ అంచు ఎర్ర గుడ్డముక్క చేతిలో పెట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు, ఆ క్షణాన ఆమెకు కలిగింది సంతోషం, ఇంకే పేరు పెట్టినా అబద్ధమే, మూత తీసి ఉంది కదా అని బయట కాకుండా లోపలే కట్టింది, మూడో సిలిండరు పక్కన గాలిని మళ్ళించే రేకును పట్టి ఉంచే కమ్మీకి, మూడోదానికి, అవును మూడోదానికే, రెండు ముళ్ళు వేసి, పూజ అయ్యాక విమానానికి పెట్టినవన్నీ తీసేసి లెక్క చూసుకోవడం ఇక్కడి పద్ధతి, కట్టినవి పదిహేడు, విప్పినవి పదిహేడు అని కాగితం మీద రాసి సంతకం పెట్టడం ఈ ఏడాది తన వంతు, సంచిలో ఉన్నవి పదహారు, ఆమెకు తెలుసు, ఒక్క రోజు ఉండనీ, రేపు తీసేద్దాం అనుకుని పదిహేడు అనే రాసింది, మర్నాడు తను వచ్చేసరికి ఎవరో మూత బిగించేశారు, విమానం ఎగిరిపోయింది, ఆ తర్వాత యాభై గంటలు ఎగిరాక చేసే తనిఖీకి ఎలాగూ మూత తీస్తాం కదా అనుకుంది, ఆ తర్వాత ఏమీ అనుకోలేదు, ఎలా మరిచిపోయావే అని అడిగితే ఏం చెబుతుంది, మరిచిపోలేదు, తలచుకోలేదు, రెంటికీ చాలా తేడా ఉంది.

ఏటమ్మా, ఇంకా దాంతోనే ఉన్నావా అంటూ ధనుంజయ్ గారు వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు, అన్నీ మార్చి చూసీసావు కదా, ఇంకేటుంది, లోపం లేదని రాసీ, మహేంద్ర సార్ కాగితం కోసం బైఠే హై, కూర్చునున్నారు అన్నాడు, అలాగే సార్, పది నిమిషాలు అంది, ఆయన వెళ్ళిపోయాడు, రెబెకా చొక్కా చెయ్యి పైకి మడిచి, సిలిండరు కిందుగా, రేకుకూ అరలకూ మధ్య ఇరుకులోకి చెయ్యి దూర్చింది, అనుకున్నట్టే మణికట్టు గీసుకుంది, వేళ్ళ వెనక భాగం మెత్తటిదానికి తగిలింది, అక్కడ మెత్తటిది ఏదీ ఉండకూడదు, ఎంటనే చెప్పేస్తాది అన్నాడు నాన్న, చెప్పేసింది, లాగితే రాలేదు, కమ్మీ మీద నుంచి జారి కిందికి దిగి, గాలి బయటికి పోయే సందులో మడతపడి, నైలాను కదా, వేడికి సగం కరిగి అరలకు అతుక్కుపోయింది, చెక్కపుల్లతో గీకి గీకి బయటికి తీస్తే నల్లటి ముద్ద, ఒక మూల మాత్రం రెండు వేళ్ళంత ఎరుపు, జరీ, ఇది నిప్పంటుకుని ఉంటే, ఆ పిల్ల అంత ఎత్తున ఉండగా అంటుకుని ఉంటే, దేవా, దేవా అని పైకే అనేసి చుట్టూ చూసింది, ఎవరూ లేరు.

ఎవరూ లేరు, పాత నూనె డబ్బా రెండడుగుల దూరంలో ఉంది, అందులో పడేస్తే అయిపోతుంది, లోపం లేదు అని రాయక్కర్లేదు, రేకు కాస్త కదిలితే సరిచేశాం అని రాయొచ్చు, అదీ పూర్తి అబద్ధం కాదు, ఉన్నది రాస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, లెక్క తప్పు రాసి సంతకం పెట్టినందుకు లైసెన్సు మీదికి రావచ్చు, రానీ, అదొక్కటే అయితే ఇంత భయం లేదు, వచ్చే ఏడాది పూజ ఉండదు, బయటే చేసుకోండి, విమానాల దగ్గరికి రావద్దు అంటారు, ఎందుకొచ్చింది ఈ గొడవ అని ఎవరైనా అడిగితే పూజ గుడ్డ వల్లనట, చెప్పింది ఎవరట, రెబెకా అట, చర్చికి పోయే ఆవిడ, ఆ ఒక్క ముక్క చాలు, కట్టింది తనే అని ఎవరికి గుర్తుంటుంది, ధనుంజయ్ గారు మాత్రం ఏమీ అనడు, ఇక చేతికి ఏమీ ఇవ్వడు అంతే, ఈసారి పక్కన నిలబడితే పక్కనే నిలబడి ఉండనిస్తాడు, పిలవడు, ఛీ, ఇదా నా భయం, ఒక ప్రాణం పోయేదాన్ని చేతిలో పెట్టుకుని నన్ను ఎవరు పిలుస్తారు ఎవరు పిలవరు అని లెక్కలు చూసుకుంటున్నానా, అని తనమీద తనకే రోత పుట్టింది, అయినా చెయ్యి మాత్రం డబ్బా వైపే ఉంది, పిల్లకు నష్టమేం లేదు కదా అని మనసు మళ్ళీ గడుసుగా వాదిస్తోంది, రేపు ఇంజను చల్లగా తిరుగుతుంది, ప్రీతి పరీక్ష గట్టెక్కుతుంది, వాళ్ళ నాన్న మిఠాయి పంచుతాడు, ఎవరికేం పోయింది.

ఎవరికేం పోయింది అని మళ్ళీ అనుకోబోయి ఆగింది, రేపు మీటరులో నాలుగు సిలిండర్ల గీతలూ సమానంగా నిలబడగానే మహేంద్ర సార్ ఏమంటాడో ఆయన గొంతుతో సహా వినిపించింది, చూశావా, గట్టిగా చెబితేనే గానీ దారిలో పడలేదు, ఇవాళ ముక్కు ఎంత బాగా పట్టుకున్నావు అంటాడు, ఆయన మంచివాడే, మెచ్చుకుంటూనే అంటాడు, ప్రీతి అవును సార్ అంటుంది, నవ్వుతుంది, నమ్ముతుంది కూడా, మూడు రోజులు తన చెయ్యే తప్పు చేసిందని, తిట్లు తిన్నాక బాగుపడిందని, ఆ నమ్మకం ఆమెతోపాటు అన్ని విమానాలూ ఎక్కుతుంది, ఏదో ఒక వానాకాలం, ఎదురుగా కొండో మబ్బో వచ్చి ముక్కు ఎత్తాల్సిన సమయంలో, ఈ చెయ్యి అప్పుడు తప్పు చేసిన చెయ్యే కదా అని ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఒక్క క్షణాన్ని ఆమెకు ఇస్తున్నది మహేంద్ర సార్ కాదు, నేను, ఊరికే నోరు మూసుకుని ఇస్తున్నాను, అనుకుంది రెబెకా, అప్పటికి లోపల కొట్టుకుంటున్నవన్నీ ఒక్కసారిగా నెమ్మదించాయి, పూజ, పిలుపు, లైసెన్సు, అవన్నీ ఎటు పోతే అటు పోతాయి, వాటికి తర్వాత ఏడవచ్చు, నల్లముద్దను డబ్బాలో వెయ్యకుండా అరచేతిలోనే పెట్టుకుని, ప్రీతీ, ఒకసారి లోపలికి రా, ధనుంజయ్ గారూ, సార్‌ను కూడా పిలుచుకుని మీరూ రండి, అని గట్టిగా కేక వేసింది, అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే ఇక వేరే ఆలోచన ఏదీ రాలేదు, ఒక్కటే, ఆ పిల్ల చెయ్యి మొదటినుంచీ సరిగ్గానే ఉంది, ఆ సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో తనొక్కతే.