మూత మీద నిలబడ్డాం

పెద్దక్కను మున్సిపాలిటీ మెంబరు కుర్చీలో కూర్చోనివ్వలేదు. గుమ్మం బయట నిలబడి మేమంతా చూశాం. మురుగు గుంతల్లో దిగే మా కూలీల ఓట్లతో గెలిచిన మనిషి ఆమె. అలాంటి గుంతలోనే ఊపిరాడక భర్త చచ్చిపోతే, ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు.

"మున్సిపాలిటీ జీతం తినేవాళ్ళు మెంబరుగా ఉండకూడదమ్మా. రూలు. ఏదో ఒకటి వదులుకో," అన్నాడు ఆఫీసరు తలెత్తకుండా.

"మరి ఛైర్మన్‌గారు నీళ్ళ బోర్డులో కూడా ఉన్నారు కదా సార్?"

"అది గౌరవ పదవి."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఉద్యోగం వదిలితే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కుర్చీ వదిలితే మర్నాటి మీటింగులో కాంట్రాక్టరుదే గెలుపు. మిషన్లు కొనకుండా మనుషుల్నే దింపుతానని వాడు టెండరు వేశాడు. పెద్దక్క ఒక్క ఓటుతోనే దాన్ని ఆపగలం.

సాయంత్రం ఆమె ఇంటిముందు గొడవపడ్డాం.

"కుర్చీ కూడు పెడుతుందా? వదిలెయ్యమ్మా," అన్నాడు మేం గుంతలో దిగితే పైన తాడు పట్టే తాత.

"రేపు నా మొగుణ్ణి దింపితే, ఊపిరి నువ్వు పోస్తావా తాతా?" అంది పక్కింటి కోడలు.

పెద్దక్క ముసలి అత్త గడప దాటి వచ్చింది. "నా కొడుకుని మింగిందే ఆ గుంత. ఇల్లు పోతే పోనీ. ఉద్యోగానికి రాజీనామా రాయవే," అంది. పెద్దక్క ఏడుస్తూనే సంతకం పెట్టింది.

పొద్దున్నే గేటు దగ్గర ఆఫీసరు ఆపాడు. "నీ రాజీనామా ఇంకా ఆమోదించలేదు. అందాకా నువ్వు ఉద్యోగివే. లోపలికి రావడానికి లేదు."

లోపల చేతులెత్తి కాంట్రాక్టరు టెండరు ఖాయం చేశారు. చప్పట్లు బయటికి వినిపించాయి. కాసేపటికే కాంట్రాక్టరు వ్యాను వచ్చింది. ఎక్కడినుంచో తెచ్చిన కుర్రకూలీ ఒకడు దిగాడు, మూతికి గుడ్డ కూడా లేదు. ఆఫీసు ముందున్న మ్యాన్‌హోల్ మూతకి గునపం ఆనించాడు.

పెద్దక్క వెళ్ళి ఆ మూత మీద నిలబడింది.

"తప్పుకో," అన్నాడు ఆఫీసరు.

"ఉద్యోగినే అన్నారుగా సార్. ఈ గుంత నా డ్యూటీ. ఇందులోకి ఎవర్నీ దింపను."

కుర్రాడు గునపం కింద పెట్టేశాడు.

పోలీసులు ఆమెను ఈడ్చి జీపులో పడేశారు. మూత ఖాళీ అయింది. తాత నావైపు చూశాడు. నాకు ఇంట్లో పిల్లలు గుర్తొచ్చారు. అయినా వెళ్ళి నిలబడ్డాను. నా వెనక తాత, తాత వెనక ఆ కోడలు, ఆ వెనక గునపం తెచ్చిన కుర్రాడు. రెండో జీపు అప్పుడే మలుపు తిరుగుతోంది.