అమ్ముడుపోయిన నీటికాకి

రఫీయుద్దీన్ లెక్కలో కొనేవాళ్ళు రెండు రకాలు. వస్తువును చూసి ఇష్టపడేవాళ్ళు ఒక రకం. దాన్ని ఇంకెవరో ఇష్టపడ్డారని తెలిశాక ఇష్టపడేవాళ్ళు రెండో రకం. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర పందొమ్మిదేళ్ళుగా సూట్‌కేసులు, దుప్పట్లు అమ్ముతూ అతను తేల్చుకున్నదేమిటంటే, పదిమందిలో తొమ్మిదిమంది రెండో రకమే.

అందుకే షాపులోకి కొత్త సరుకు రాగానే అందులో మేలైన దానికి "సోల్డ్" అని రాసిన ఎర్ర చీటీ కట్టేవాడు. వచ్చినవాడి చూపు ముందు దానిమీదే పడేది. "అయ్యో, ఇది పోయిందా?" అనేవాడు. రఫీయుద్దీన్ ఒక నిట్టూర్పు విడిచి, "పోయింది తమ్మీ. కానీ నువ్వు మనోడివి. ఆ పార్టీని జర బతిమాలి చూస్త" అని లోపలికి వెళ్ళి, ఎవరూ లేని గోదాములో రెండు నిమిషాలు గట్టిగా మాట్లాడి, నవ్వుతూ బయటికొచ్చేవాడు. ఆ తర్వాత బేరం ఆడినవాడు లేడు.

తొంభై ఎనిమిది ఫిబ్రవరిలో ఒక శుక్రవారం విన్సెంట్ ఆ షాపుకు వచ్చాడు. నర్సాపురం దగ్గర పడవలు కట్టే కుటుంబంలో పుట్టినవాడు. ఇక్కడ ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో వడ్రంగి. చంకలో ఏదో గుడ్డ చుట్టి పట్టుకొచ్చాడు.

"అన్నిటికన్నా పెద్ద సూట్‌కేసు చూపించండి భాయ్. ఇది పట్టాలి."

గుడ్డ విప్పాడు. నీటికాకి. రెక్కలు ఆరబెట్టుకుంటూ, మెడ పక్కకు తిప్పి, వచ్చేపోయేవాళ్ళను అనుమానంగా చూస్తున్న పక్షి. పాత పడవ టేకుతో చెక్కింది. ఏ సూట్‌కేసులో పెట్టినా ముక్కు బయటికే వచ్చింది.

"గిదొక్కటేనా?"

"ఇంకో ఆరున్నాయండి, క్యాంపులో."

అల్ వక్రా రేవులో పాత పడవలు విప్పినప్పుడు పారేసే చెక్కలు ఏరుకొచ్చి, ఆరేళ్ళుగా డ్యూటీ అయ్యాక చెక్కుకున్నవి. హమ్మూర్ చేప, పీత, వలల మీద పడుకున్న పిల్లి, వల బాగుచేసుకునే ముసలాయన, ముత్యాల కోసం మునిగే మనిషి, ఒక ఒంటె. మార్చి ఇరవై ఏడున కాంట్రాక్టు అయిపోతుంది. విమానంలో ఇరవై కిలోలు మించనివ్వరు. బొమ్మలన్నీ కలిపితే తొంభై దాటతాయి.

"తీసుకపోకుంటే ఏమైతది?"

"మా క్యాంపోళ్ళు ఎడారిలో పిక్నిక్ పెట్టుకున్నారండి, నేను వెళ్ళే ముందు శుక్రవారం. టేకు బాగా మండుద్దని అప్పుడే కన్నేశారు."

రఫీయుద్దీన్ నీటికాకి వైపు చూశాడు. అది అతనివైపు చూసింది. తాను మొదటి రకం మనిషి కావడం అతనికి బొత్తిగా అలవాటు లేదు. ఇది జాలి కాదు, వ్యాపారమేనని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు.

"నా షాపుల పెట్టు. అమ్మి పెడ్త. పదింట రెండు వంతులు నాయి."

అద్దం వెనక ఏడు బొమ్మలూ కూర్చున్నాయి. రెండు వారాలు గడిచాయి. సూట్‌కేసుల కోసం వచ్చినవాళ్ళు సూట్‌కేసులే కొన్నారు. ఒకాయన హమ్మూర్ చేపను తిరగేసి మూత ఎక్కడుందని అడిగాడు. ఇంకొకామె ముసలాయన ధర ఎంతని అడిగి, చెప్పగానే, ఆ డబ్బుతో రెండు దుప్పట్లు వస్తాయని గుర్తుచేసి, రెండు దుప్పట్లు కొనుక్కుని వెళ్ళింది. ఎర్ర చీటీ కట్టినా ఫలితం లేదు. అక్కడికి వచ్చేవాళ్ళకు చేపా వద్దు, ఇంకొకడు కొన్న చేపా వద్దు.

అప్పుడు గ్లోరియా కల్పించుకుంది. విన్సెంట్‌తో పాటు శుక్రవారం ప్రార్థన కూటానికి వచ్చే పాలకొల్లు అమ్మాయి. ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. పని అయ్యాక గంటసేపు ఇంటర్నెట్ వాడుకోవడానికి వాళ్ళ మేనేజరు ఒప్పుకున్నాడు.

"భాయ్, మీ షాపు ముందు రోజుకి ఎంతమంది నడుస్తారు? రెండొందలా? ఫోటోలు తీసి నెట్‌లో పేజీ పెడితే ప్రపంచమంతా చూస్తుంది. అద్దె కూడా లేదు."

అద్దె లేని షాపు అనగానే రఫీయుద్దీన్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

ఫోటోలు తీయించారు. గ్లోరియా వాటిని స్కాన్ చేసింది. ఒక్కో బొమ్మ తెరమీద పైనుంచి కిందికి చినుకు చినుకుగా దిగుతుంటే, రఫీయుద్దీన్ చాయ్ తాగుతూ ఓపిగ్గా చూశాడు. నీటికాకి కాళ్ళు వచ్చేసరికి కప్పు ఖాళీ అయింది.

"బాగుంది బిడ్డా. ఇప్పుడు ఐదింటి కింద 'సోల్డ్' అని రాయి. ఒంటెకు, పీతకు వద్దు."

"అమ్ముడుపోలేదుగా?"

"ఇరవై ఏండ్ల సంది దుకాణం నడుపుతున్న. రాయమన్నది రాయి."

ఒంటెను ఎందుకు వదిలేశాడో గ్లోరియా అడగలేదు. గోదావరి ఒడ్డున పెరిగిన విన్సెంట్ చెక్కిన ఆ ఒంటె మొహం అచ్చం గేదెలా ఉండేది. అది అమ్ముడుపోయిందంటే ఎవరూ నమ్మరు.

పేజీ అడుగున, ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి ఉంది. మొదటి రోజు ఎనిమిది. మూడో రోజు ముప్పై. వారానికి నూటపది. రఫీయుద్దీన్ రోజూ సాయంత్రం గ్లోరియా ఆఫీసుకు వెళ్ళి, పేజీ తెరిపించి, మూసి, మళ్ళీ తెరిపించి, ఆ అంకె చూసి మురిసిపోయాడు.

"చూసినవా! నేను కూసున్నంతసేపట్ల నలుగురు వచ్చిన్రు!"

"ఆ నలుగురూ మీరే భాయ్. తెరిచినప్పుడల్లా ఒకటి పెరుగుద్ది."

తన షాపులోకి తానే నాలుగుసార్లు వచ్చి వెళ్ళి, గిరాకీ బాగుందని సంబరపడ్డట్టయింది. ఆ రోజు నుంచి తమవాళ్ళెవరూ ఆ పేజీ తెరవకూడదని కట్టడి చేశాడు. ఈ-మెయిల్ ఉత్తరాలు మాత్రం నిజంగానే వచ్చాయి. నార్వే నుంచి ఒకాయన, బ్రెజిల్ నుంచి ఒకావిడ రాశారు. ఇద్దరూ "బ్యూటిఫుల్" అన్నారు.

"కొంటమన్నరా?"

"లేదండి. బ్యూటిఫుల్ అన్నారు, అంతే."

"మా షాపుల గూడ అంటరు గట్ల. అన్నంక దుప్పట్లు కొనుక్కుంట పోతరు."

మార్చి ఎనిమిదిన మూడో ఉత్తరం వచ్చింది. గ్లోరియా అచ్చు తీసి షాపుకు తెచ్చి చదివి వినిపించింది. రాసింది సుర్రయ్యా అనే పళ్ళ డాక్టరు. లండన్‌లో ఉన్న స్నేహితురాలు ఈ పేజీ చూసి, "మీ ఊళ్ళోనే కదా" అని పంపిందట. తాను కొత్తగా క్లినిక్ తెరుస్తున్నానని, గోడలకు పళ్ళ బొమ్మలు పెట్టి జనాన్ని భయపెట్టడం ఇష్టం లేదని, ఆ నీటికాకి, పిల్లి, ముసలాయన తనకెంతో నచ్చారని రాసింది. అవి మూడూ అమ్ముడుపోయినందుకు శిల్పికి అభినందనలు చెప్పింది.

రఫీయుద్దీన్ తొడ చరుచుకున్నాడు. "చూసినవా! పడ్డది! రాయి: ఆ పార్టీని బతిమాలి చూస్తం అని."

గ్లోరియా రాసింది. మర్నాడే జవాబు వచ్చింది.

"వద్దండి. ఇష్టపడి కొనుక్కున్నవాళ్ళ దగ్గర్నుంచి లాక్కోవడం నాకు మనసొప్పదు. నేను వేరే చూసుకుంటాను."

రఫీయుద్దీన్ ఆ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. ఇంత మర్యాదస్తురాలైన గిరాకీ పందొమ్మిదేళ్ళలో అతనికి తగల్లేదు.

"షాపులో అయితే మీ మొహం చూసి అర్థం చేసుకునేవాళ్ళు," అంది గ్లోరియా. "పేజీలో మీ నిట్టూర్పు వినబడదు భాయ్. సోల్డ్ అంటే సోల్డే."

అంతటితో అయితే ఫర్వాలేకపోయేది. ఆ సాయంత్రమే విన్సెంట్ కొత్త చొక్కా వేసుకుని, చేతిలో మిఠాయి డబ్బాతో వచ్చాడు. ప్రార్థన కూటంలో ఎవరో పేజీ అచ్చు తీసి అతనికి చూపించారు.

"ఐదు అమ్ముడుపోయాయంటగా భాయ్! నాకు చెప్పనే లేదు! క్యాంపులో అందరికీ బిర్యానీ పెట్టించేశాను. మా ఆవిడకి ఫోన్ చేసి, ఇన్నాళ్ళూ చెక్కలు గోకుతున్నావని తిట్టావుగా, చూడూ అన్నాను. ఏడ్చేసింది పాపం."

రఫీయుద్దీన్ గొంతులో మిఠాయి అడ్డం పడింది. నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. ఇక తాగడానికి నీళ్ళు లేక, నిజం చెప్పాడు.

విన్సెంట్ కోప్పడలేదు. కోప్పడితే రఫీయుద్దీన్ సర్దిచెప్పగలిగేవాడు. ఆ కుర్రాడు అద్దం వెనక ఉన్న ఏడు బొమ్మల్నీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు.

"పోనీలెండి భాయ్. వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం పికప్ తెచ్చి పట్టుకుపోతాను. మావాళ్ళు ఎలాగూ కట్టెలు కొనాలంటున్నారు. ఇంటికెళ్ళాక పడవల పని చేసుకుంటా. ఈ బొమ్మల పని ఇంక వద్దులెండి."

అతను వెళ్ళాక రఫీయుద్దీన్ నీటికాకికి ఎదురుగా కూర్చున్నాడు. షాపు మూసే వేళ దాకా ఆలోచించాడు. అబద్ధం ఖరీదు ఎంతైనా అది ఎప్పుడూ కొనేవాడే కట్టాడు. ఇప్పుడు మొదటిసారి చెక్కినవాడు కడుతున్నాడు. ఆ లెక్క ఎలా తిప్పినా సరిపోలేదు.

మర్నాడు గ్లోరియా ముందు కూర్చుని చెప్పాడు: "రాయి. ఒక్కటి గూడ అమ్ముడుపోలేదు. సోల్డ్ అని రాయించింది దుకాణపాయన. శిల్పికి ఏం తెల్వదు. ఏడూ మా షాపులనే ఉన్నయి, ఒంటెతో సహా. తప్పు నాది."

"తప్పు నాది అని కూడా రాయనా?"

"రాయి. కానీ చిన్న అక్షరాలల్ల రాయి."

మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు, శనివారం సాయంత్రం, షాపు ముందు తెల్ల కారు ఆగింది. యాభై ఏళ్ళావిడ దిగి, బోర్డు చూసి, పకపకా నవ్వింది.

"ఇదా షాపు! నా క్లినిక్ అల్ హిలాల్‌లో. రోజూ ఇట్నుంచే పోత. సూట్‌కేసులు నాకెందుకని ఎన్నడూ లోపటికి చూడలే. లండన్ పోయి తిరిగొచ్చింది ఈ కబురు!"

"ఆప్ హైదరాబాద్ కే?" అన్నాడు రఫీయుద్దీన్, గుండె చిక్కబట్టుకుని.

"మలక్‌పేట. మీరు?"

"జగిత్యాల."

రఫీయుద్దీన్ మొహం వాడిపోయింది. మలక్‌పేట వాళ్ళతో బేరమంటే ఏమిటో అతనికి తెలుసు. గ్లోరియాకు ఫోన్ చేసి విన్సెంట్‌ను పిలిపించాడు.

డాక్టరమ్మ ఒక్కో బొమ్మనూ ఎత్తి, తడిమి, కింద పెట్టింది. ఒంటె దగ్గర ఆగింది.

"ఇది గేదెనా?"

"ఒంటె డాక్టరమ్మా."

"అబద్ధాలు మానేసిన్రనుకున్నా."

చివరికి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏడింటికీ కలిపి చెప్పండి భాయ్. ఒక్కటి గూడ అమ్ముడుపోలేదని మీరే రాసిన్రు. అది గుర్తు పెట్టుకుని చెప్పండి."

నిజం చెబితే ఏమవుతుందో రఫీయుద్దీన్‌కు అప్పుడు అర్థమైంది. రెండు వేల నాలుగు వందల రియాళ్ళన్నాడు. ఆమె వెయ్యంది. అతను నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు తనకు ఉత్తరంలోనే చేరిందని ఆమె అంది. పద్నాలుగు వందల దగ్గర బేరం కుదిరింది. ఆమె పర్సు తీసి నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది.

అప్పటికి గ్లోరియా వెంట విన్సెంట్ వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా రంపపు పొట్టు.

"ఈయననేనా చెక్కింది? బాబూ, ఈ పిట్ట ఎందుకిట్ల అనుమానంగ చూస్తది?"

విన్సెంట్ తలొంచుకుని మొదలుపెట్టాడు. వక్రా రేవులో ఆ నీటికాకి రోజూ ఒకే గుంజ మీద కూర్చునేదనీ, తను చెక్క ఏరుకుంటుంటే, దాని చేపల కోసమే వచ్చాడనుకుని కాపలా కాసేదనీ చెప్పాడు. పిల్లిని చెక్కిన చెక్క మక్రాన్ తీరం నుంచి వచ్చిన పడవదట. దాన్ని నడిపే తండేలు చనిపోయాక అతని కొడుకులు పడవ అమ్మేశారట, పిల్లి మాత్రం దిగనందట. ముసలాయన పేరు ముఖ్తార్ అట. చూపు పోయినా వేళ్ళతోనే వలలో చిరుగు వెతికేవాడట. ఒంటెను మాత్రం తను దగ్గరగా చూడలేదనీ, కళ్ళు మూసుకుంటే ఇంటి దగ్గర గేదె గుర్తొచ్చేదనీ చెప్పి, సిగ్గుపడి ఆగిపోయాడు.

డాక్టరమ్మ సూట్‌కేసు మీద కూర్చుని విన్నది. ఆమెకు తెప్పించిన చాయ్ చల్లారిపోయింది. గ్లోరియా ముక్కు తుడుచుకుంది. విన్సెంట్ ఒక్కో చెక్క వేలితో చూపిస్తూ, ఎక్కడ మేకు రంధ్రం ఉందో, ఎక్కడ ఉప్పు తిన్నదో, గంటసేపు మాట్లాడాడు. అతను అన్ని మాటలు మాట్లాడగలడని ఆ రోజు వరకు ఎవరికీ తెలియదు.

"ఊరికి పోయినంక గూడ చెక్కుతవా?" అందామె లేచి.

విన్సెంట్ చొక్కా మీది పొట్టు దులుపుకుని, "చెక్కుతానండి" అన్నాడు.

"అయితే పేజీ తియ్యకండి. పెద్దది ఒకటి కావాలె నాకు, ఓడలో తెప్పించుకుంట." కళ్ళద్దాలు తుడుచుకుని రఫీయుద్దీన్ వైపు తిరిగింది. "ఈ ముచ్చట్లన్నీ పేజీల ఎందుకు రాయలే భాయ్? ఇవి ముందుగాల విని ఉంటే నేను బేరమే ఆడకపోదును. మూడు వేలకు గూడ తీసుకుందును."

రఫీయుద్దీన్ బల్ల మీది పద్నాలుగు వందల వైపు చూశాడు. ఒక్క గంట ముందు ఆ కుర్రాడి చేత నోరు తెరిపించి ఉంటే! మనసులోనే తీసివేత చేసుకుని, అందులో పదింట రెండు వంతులు తీసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"డాక్టరమ్మా, ముచ్చట్లు విన్నరు గదా... జర చూసి..."

"బేరం అయిపోయింది భాయ్," అంటూ ఆమె నీటికాకిని ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. "ఒంటెను జాగ్రత్తగ పెట్టండి, కొమ్ములు విరుగుతయి."

కొమ్ములు లేవని చెప్పడానికి విన్సెంట్ నోరు తెరిచాడు. రఫీయుద్దీన్ అతని భుజం నొక్కి, ఒంటెను స్వయంగా మోసుకెళ్ళి వెనక సీటులో కూర్చోబెట్టాడు.