సోలార్ పలకకు పసుపు

సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే బుచ్చమ్మ ఇల్లు వస్తుంది. పొద్దుగూకే వేళకు కందిలి గాజుకు పట్టిన మసి తుడవడం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. గాజు తళతళలాడితే ఎంత మురిసిపోయేదో! అదే మసి ఇంట్లోవాళ్ల ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుందని ఆమెకు ఎవరు చెప్పారు గనుక? మనలో మాత్రం ఎంతమందికి తోచింది?

అది 2012. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే ఎరుక. కోడలు ఉమారాణి పసిపాపను ఒళ్లో వేసుకుని కందిలి పక్కనే కూర్చునేది. పాపకు దగ్గు తగ్గడం లేదు. సూర్యాపేట దవాఖానలో డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది: "ముందు ఇంట్లో పొగ లేకుండా చూడండి."

కొడుకు భిక్షపతి మందలోంచి ఒక పొట్టేలును అమ్మి, కోదాడలో సోలార్ పలక, బ్యాటరీ, బల్బు కొనుక్కొచ్చాడు. గొర్రెల దొడ్డి పక్కన గుంజ పాతి, పలకను పైన బిగించి, బ్యాటరీ డబ్బాను కింద తగిలించాడు. ఛార్జి ఎక్కుతుంటే డబ్బా మీద చిన్న పచ్చలైటు వెలిగేది.

"ఎండతోని బల్బు ఎలుగుతదా? నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నవా బిడ్డా?" అని నవ్వింది బుచ్చమ్మ. ఆ సాయంత్రం బల్బు వెలిగింది, కందిలి అటకెక్కింది. కొద్ది రోజులకే పాప దగ్గు నెమ్మదించింది.

దసరా వచ్చింది. గొడ్డలికీ కొడవలికీ గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరకూ బొట్లు పెట్టింది బుచ్చమ్మ. మనవరాలి దగ్గు మాన్పిన పలకకు ఒక్క బొట్టుతో సరిపెడితే మనసొప్పుతుందా? గడపకు పూసినట్టు అంచు నుంచి అంచు దాకా చిక్కగా పసుపు పూసి, కుంకుమ దిద్దింది. భిక్షపతి కూడా వచ్చి చేతులెత్తి మొక్కాడు.

మర్నాటికి బల్బు మినుకుమినుకుమంది. ఆ తర్వాత వెలగనే లేదు. కందిలి కిందికి దిగింది, పాపకు దగ్గు తిరగబెట్టింది. పసుపుపచ్చని పలకను ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నారు. కొత్త వస్తువుకు పసుపు ఉండటంలో వింతేముంది?

"పచ్చలైటు గూడ వస్తలేదు. బ్యాటరీ ఖరాబైందే అమ్మా. ఇగ వాపస్ ఇచ్చొస్త. మనకు కందిలే దిక్కు" అంటూ భిక్షపతి మిట్టమధ్యాహ్నం పలక విప్పబోయాడు.

"జర ఆగు. గీ పసుపు మొకంతోనే తీస్కపోతవా?"

బుచ్చమ్మ తడిగుడ్డ తెచ్చి, ఊరికి పోయే పిల్లకు మొహం కడిగినంత నెమ్మదిగా పలకను తుడిచింది. తుడవడం అయ్యేసరికి డబ్బా మీద పచ్చలైటు వెలిగింది.

తల్లీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. భిక్షపతికి నవ్వాగలేదు. బుచ్చమ్మకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా బంగారుతల్లికి దగ్గు నేనే తెచ్చిన గదరా! సూర్యునికి మొక్కుతున్న అనుకుంట సూర్యునికే అడ్డం పెట్టిన."

"నీ ఒక్కదాని తప్పేందే? నేను గూడ మొక్కిన గద" అన్నాడు భిక్షపతి, ఆమె చేతిలోని గుడ్డ అందుకుంటూ.

పాఠకులారా, ఆమెను చూసి నవ్వకండి. ప్రేమ ఉంటే సరిపోదు, ఆ వస్తువుకు ఏం కావాలో కూడా తెలుసుకోవాలి. బుచ్చమ్మ తెలుసుకుంది.

మరుసటి దసరాకు ఆమె పలక ఇనుప చట్రానికి గోరంత బొట్టు పెట్టింది. గాజును కొంగుతో తుడిచి, చంకలోని మనవరాలికి చూపించింది.

"సూర్యుడు ఇస్తనే ఉంటడు బిడ్డా. మనం అడ్డం రావొద్దు, గంతే."