పుట్టినరోజని రాసిన తేదీ

మా ఆయనకు ముహూర్తాల పిచ్చి అంటే నేనొప్పుకోను. పిచ్చి అయితే ఎప్పుడో ఒకసారి తగ్గాలి కదా. ఫిల్మ్ నగర్‌లో ప్రొడక్షన్ మేనేజర్‌గా ఉన్న ఈ చలపతిరావుగారు వర్జ్యం పోయేదాకా ఆవకాయ జాడీ మూత కూడా తీయనివ్వరు.

తొంభై ఒకటి ఆగస్టులో ఆయనకు మా వంటింటి తలుపు వెనక ఇంకో క్యాలెండర్ కనబడింది. పనిచేసే దేవమ్మది. వాళ్లింట్లో వాన కారుతోందని ఇక్కడ తగిలించుకుంది. చర్చివాళ్లు వేసింది, రోజుకో పునీతుడి పేరు. సగం పేర్ల పక్కన ‘వేదసాక్షి’ అని, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లని.

పన్నెండో తేదీ గడిలో పెన్సిల్‌తో ‘భిక్షం, పుట్టినరోజు’ అని ఉంది. భిక్షం దేవమ్మ భర్త, లైట్‌మన్. రెండేళ్ల కిందట మా ఆయన పని చూసుకునే సినిమా సెట్లోనే పైనుంచి పడి చనిపోయాడు. తాగి ఎక్కాడని కంపెనీ కాగితం. ఇక ఆ పెన్సిల్ రాత, దేవమ్మ అడిగితే నేను రాసింది. ఇరవై ఏళ్లుగా నా సరుకుల చీటీలు చదువుతున్న మనిషి గుర్తుపట్టలేదు.

“భిక్షం ఎప్పుడు పునీతుడయ్యాడు దేవమ్మా? పైగా పుట్టినరోజేంటి? రేపు వాడు పోయిన రోజు కదా,” అన్నారాయన.

దేవమ్మ గిన్నెలు తోముతూనే చెప్పింది. “మా దాంట్ల పోయిన దినాన్నే పుట్టిన దినమంటరు సారూ. పైలోకంల పుట్టినట్టు. ఎనకట రోమ్‌ల రాజులు చంపినోళ్ల పేరు, దినం, బొందపెట్టిన జాగ మావోళ్లు రాసి పెట్టుకున్నరట, ఏటా గాడ చేరేటందుకు. గీ క్యాలెండర్ గట్లనే మొదలైందని ఫాదర్ చెప్పిండు.”

“వాళ్లు దేవుడి కోసం పోయారు. వీడు...”

“తాగి పడ్డడు. మీ కాగితంల గట్లనే ఉన్నది.” ఆమె చెయ్యి ఆగింది. “ఆయన పునీతుడని నేనంటలేను. రేపు చర్చిల పూజల ఆయన పేరు చదువుతరు. అయ్య నిజంగ తాగిండా అని నా బిడ్డ అడుగుతది. ఏం చెప్పాలె సారూ?”

మా ఆయన లోపలికెళ్లి పాత పంచాంగం తెచ్చారు. ఎనభై తొమ్మిది నాటిది. పాతవి పారెయ్యరు, మరి. ఆగస్టు పన్నెండు దగ్గర ఎర్ర పెన్సిల్ గీత ఉంది. దాన్ని దేవమ్మకు చూపించారు, ఆమెకు చదువు రాదని తెలిసీ.

“పదీ నలభైకి వర్జ్యం వస్తుందని ఇక్కడ గీశాను. నడుముకు కట్టుకునే తాడొచ్చేదాకా ఆగుదాం సార్ అన్నాడు భిక్షం. షాట్ ఆలోపే అవ్వాలని నేనే ఎక్కించాను. ఆ కాగితం రాసిందీ నేనే. వాడు తాగలేదు దేవమ్మా. తప్పు నాది. మీ అమ్మాయికి ఈ మాట నేనే వచ్చి చెబుతాను.”