ఎర్రదారం పుట్టగొడుగులు

2022 ఏప్రిల్ 24, ఈస్టర్ ఆదివారం. ఆ పొద్దు మోత్ర్యా ఇంట్లో నేను తిన్నది ఉల్లిపొట్టుతో రంగు వేసిన గుడ్డులో సగం, చక్కెర లేని పాస్కా అనే పండగ రొట్టె ముక్క, కాస్త ఉప్పు. రష్యా సైన్యం మా జోన్ వదిలి వెళ్ళి మూడు వారాలు దాటినా చక్కెర ఇంకా మా దాకా రాలేదు. గుడ్డు మాత్రం తాజాది. ఊరందరి కోళ్ళూ సైనికుల కడుపుల్లోకి పోగా, మోత్ర్యా కోడి ఒక్కటి బతికింది.

ఎలా బతికిందన్నదే ఊళ్ళో ప్రశ్న. నిజం చెప్పాలంటే, ఆ గుడ్డు నములుతున్నప్పుడు నా మనసులోనూ అదే ప్రశ్న.

మాది చెర్నోబిల్ అణుకేంద్రానికి దగ్గర్లోని ఊరు. 86లో కేంద్రం పేలాక చుట్టూ నిషేధిత జోన్ గీసి, అందరినీ బస్సులెక్కించి ఖాళీ చేయించారు. ఆ తర్వాత కొందరు అడవి దారిన దొంగచాటుగా తిరిగొచ్చి, ఎవరు ఎన్నిసార్లు వెళ్ళమన్నా వెళ్ళలేదు. మోత్ర్యా వాళ్ళలో ఒకతె. నేను కీవ్‌లో రసాయనశాస్త్రం చదివి, చెర్నోబిల్ పట్నంలోని ప్రయోగశాలలో ఉద్యోగం చేసి, నా భార్య యుస్తీనా పోయాక ఆమె పుట్టింట్లో ఉండటానికి వచ్చాను. ఆ ఇంటి పొయ్యి దగ్గర బల్ల మీద కూర్చుంటే ఆమె చిన్నప్పుడు కాళ్ళు ఊపుతూ కూర్చుని అరగదీసిన చోటు నున్నగా తగులుతుంది. అది చాలు నాకు.

ఊరివాళ్ళు నన్ను దానిలోవిచ్ అని పిలిచేవారు, పాలూ చేపలూ పుట్టగొడుగులూ నా దగ్గరికి తెచ్చేవారు. ఎంత రేడియేషన్ ఉందో కొలిచి, తినదగ్గవాటికి తెల్లదారం, తినకూడనివాటికి ఎర్రదారం కట్టి ఇచ్చేవాణ్ణి. ఎర్రదారానివి గొయ్యి తీసి పూడ్చేయమని చెప్పేవాణ్ణి. అందరూ పూడ్చేవారు, మోత్ర్యా తప్ప. ఆమె తల్లి చిన్నతనంలో కరువు సంవత్సరం చూసింది. ఆ ఇంట్లో తిండి పారేయడమన్నది లేదు. తినదు, ఎవరికీ పెట్టదు, పారేయదు. ఎండిన పుట్టగొడుగుల దండలు అటక మీద చివరి దూలానికి ఏళ్ళ తరబడి వేలాడేవి.

ఫిబ్రవరిలో రష్యా సైన్యం కీవ్ మీదికి వెళ్ళడానికి మా అడవి దగ్గరి దారి అయింది. 86లో చెట్లు ఎర్రబడి చచ్చిన ఎర్ర అడవి ఇసుకలో కందకాలు తవ్వుకున్నారు. ఆనాటి రేడియేషన్ దుమ్మును అంతా ఎక్కడ పూడ్చిపెట్టారో అక్కడే తవ్వి, అక్కడే పడుకున్నారు. కేంద్రానికి కరెంటు పోయిందన్న రోజున నేను రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాను. తక్కిన రోజుల్లో కిటికీ తెర సందులోంచి వీధి చూడటమే పని. రోజూ మధ్యాహ్నానికి ఆకుపచ్చ లారీ ఒకటి మోత్ర్యా గేటు ముందు ఆగేది. ఆమె పొగగొట్టం నుంచి పొద్దున్నుంచీ పొగ. ఇద్దరు సైనికులు పెద్ద బిందెను లారీలోకి ఎక్కించేవారు. ఒకసారి ఆమె గేటు దాకా వచ్చి వాళ్ళతో ఏదో అంటే, వాళ్ళు తల ఊపారు.

నేను చూశాను. నా ఎదురింటి తొదోస్ కూడా చూశాడు.

తొదోస్ ఒకప్పుడు జోన్ గేటు దగ్గర కాపలావాడు. అతని కొడుకు హ్నాత్ కేంద్రాన్ని కాపలా కాసే దళంలో ఉండేవాడు. మొదటి రోజే ఆ దళాన్నంతా బందీలుగా పట్టుకున్నారు. ఈస్టర్ నాటికీ వాళ్ళ జాడ లేదు. దీనికి తోడు, తొదోస్ వేటతుపాకీని ఖాళీ తేనెటీగల పెట్టెలో దాచుకుంటే, సైనికులు వచ్చి ఇల్లు వెతక్కుండా తిన్నగా ఆ పెట్టె దగ్గరికే నడిచారు.

ఈస్టర్ ముందురోజు అతను మా ఇంటికొచ్చి టోపీ తీయకుండానే కూర్చున్నాడు. మంగళవారం భద్రతా శాఖ అధికారి వస్తున్నాడని, శత్రువుకు ఎవరు సాయం చేశారో అడుగుతాడని చెప్పాడు. మోత్ర్యా పేరు తను చెబుతాడట. నేను కూడా చెప్పాలట. చదువుకున్నవాణ్ణి కాబట్టి నా మాట నమ్ముతారట.

“నేను చూసింది లారీ ఒక్కటే, తొదోస్,” అన్నాను.

“లారీ ఉత్తినే వచ్చిందా దానిలోవిచ్? పువ్వులు కోసుకోడానికొచ్చిందా? నా కొడుకు ఏ గోతిలో ఉన్నాడో తెలీదు. ఆవిడ మాత్రం వాళ్ళకు బోర్ష్ పులుసు కాచి పోసింది. తుపాకీ సంగతి ఇంకెవరు చెబుతారు? ఆ కోడి చెప్పిందా?”

అతను వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. రుజువైతే జైలు. మోత్ర్యా వయసుకు ఆ జైలు నుంచి తిరిగి రావడం ఉండదు.

అందుకే ఈస్టర్ నాడు ఆమె పిలవగానే వెళ్ళాను. తినడానికి మాత్రమే వెళ్ళానని చెప్పలేను. ఆమె గుడ్డును సగానికి కోసి పెద్ద సగం నా ముందుకు జరిపింది. తిన్నాక, అటక మీంచి ఉల్లిపాయలు దించిపెడతానని చెప్పి నిచ్చెన ఎక్కాను. చివరి దూలం బోసిగా ఉంది. దండలు లేవు. ఒక మేకుకు ఎర్రదారం ముక్క మాత్రం మిగిలింది.

కిందికి దిగి నిచ్చెన పట్టుకునే నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసి, అడగకుండానే చెప్పింది.

మొదటివారంలో సైనికులు అటక దోచుకున్నారట. ఆ దండలు చూసి సంబరపడి పెరట్లోనే కుండలో వేసి పొయ్యి మీద పెట్టారట. ఆమె వద్దని అరిచింది. వాళ్ళు నవ్వారు. అప్పుడు పొయ్యి కర్రతో కుండను బోర్లదోసింది. వేడినీళ్ళు ఒకడి బూట్ల మీద పడ్డాయి. అతను తుపాకీ ఎత్తాడు. వాళ్ళ వంటవాడు, ముందు పళ్ళు ఊడిన నడివయసు మనిషి, మధ్యలోకి వచ్చి ఎందుకు బోర్లదోశావని అడిగాడు. ఆమె వివరంగా చెప్పింది. మిగిలిన దండలు అతనే గొయ్యి తీసి పూడ్చాడు. మర్నాటి నుంచీ లారీ పంపాడు. ఇక్కడ ఏది తినొచ్చో ఏది తినకూడదో ఈ ముసలమ్మకే తెలుసు, వంట ఈమే చేయాలి అన్నాడట. కోడిని కట్టెల గుడిసె కింద దాచమని చెప్పిందీ అతనే.

“అయితే మంచి తిండే పెట్టావు,” అన్నాను.

“మరేం పెడతాను? తెల్లదారానివి, నా బంగాళాదుంపలు. విషమని తెలిసి ఒకడి పళ్ళెంలో ఎలా వేస్తాను దానిలోవిచ్? వాడు ఎవడైతేనేం, నా చేతి వంట కదా.”

తుపాకీ సంగతి అడిగాను. తను చెప్పలేదంది. నా కళ్ళలోకి చూస్తూనే అంది. అయినా ఆమె చేతులు బల్ల మీది రొట్టె పొడిని ఒకచోటికి తోస్తూనే ఉన్నాయి. నమ్మాలో వద్దో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఇంకొక మాట కూడా చెప్పింది. మార్చి చివర్లో ఆ వంటవాడు కేంద్రానికి నీళ్ళ డబ్బాలు తీసుకెళ్ళినప్పుడు, కాపలా దళాన్ని బస్సుల్లో ఉత్తరానికి, బెలారస్ వైపు తరలించడం చూశాడట. అందరూ తమ కాళ్ళ మీదే నడిచి బస్సు ఎక్కారట. మోసుకెళ్ళిన మనిషి ఒక్కడూ లేడట.

“ఇది తొదోస్‌కు చెప్పలేదా?”

“ఇప్పుడు చెబితే వాడి నోరు కొనుక్కున్నట్టు అవుతుంది. వాడు ఆఫీసరుకు చెప్పాల్సింది చెప్పనీ. ఆ తర్వాత చెబుతాను. నువ్వూ నోరు మూసుకో.”

మంగళవారం అధికారి వచ్చాడు. నిద్రలేని కళ్ళు, మర్యాదస్థుడు. మోత్ర్యా ఇంట్లోకి రాబోతూ గడప దగ్గర బూట్లు విప్పాడు. మోత్ర్యా వద్దంటున్నా మేజోళ్ళతోనే కూర్చున్నాడు. తొదోస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నన్ను సాక్షిగా కూర్చోబెట్టారు.

అధికారి ముందు నన్నే అడిగాడు. దారాల సంగతి, మోత్ర్యా అటక మీది దండల సంగతి చెప్పాను. అతను ఆసక్తిగా విన్నాడు. వినేకొద్దీ ముఖంలో అలసట తగ్గింది. కీవ్‌లో జనం ఇలాంటి కథలు చెప్పుకుంటున్నారని, శత్రువుకు విషపు పుట్టగొడుగులు వండిపెట్టిన అవ్వ గురించి తను కూడా ఎక్కడో విన్నానని అన్నాడు. లేచి నిచ్చెన ఎక్కి అటక మీదికి తొంగిచూసి, చివరి దూలం బోసిగా ఉందన్నాడు. తర్వాత మోత్ర్యా వైపు తిరిగాడు.

“అవ్వా, ఆ ఎర్రదారానివే కదా వాళ్ళకు వండింది?”

గదిలో అందరికీ అర్థమైంది. అవునంటే చాలు, పని అయిపోతుంది. తొదోస్ కూడా తల ఎత్తాడు. పొద్దున కూడా అతను నాతో అన్నాడు, ఆవిడ వాళ్ళకు ఆ విషం పెట్టి ఉంటే మాత్రం తను వెళ్ళి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుంటానని. ఆ క్షణంలో నేను కూడా ఆమె తల ఊపాలనే కోరుకున్నాను.

“లేదు నాయనా,” అంది మోత్ర్యా. “మంచివే వండాను.”

“బెదిరించి వండించారా? తుపాకీ చూపించారా?”

“మొదటిరోజు చూపించారు. తర్వాత తుపాకీ గోడకు ఆనించి పెట్టేవారు.”

అధికారి కలం కింద పెట్టి నుదురు రుద్దుకున్నాడు. ఆవిడకు సాయం చేయాలని ఎంత చూసినా ఆవిడ సాయపడనివ్వడం లేదన్నట్టు నా వైపు చూశాడు. అవి మంచివేనని మీరు చెప్పగలరా అని అడిగాడు. కొలిచింది నేనే, తెల్లదారం కట్టింది నేనే, చెప్పగలనన్నాను. ఆ మాటతో ఆమెను ముంచానో నిలబెట్టానో తెలియలేదు. చివరికి అతను తొదోస్‌తో, ఇక అంతా నీ వాంగ్మూలం మీదే ఉందని, రాత్రికి పట్నంలోనే ఉంటానని, పొద్దున్నే వచ్చి రాసుకుంటానని చెప్పాడు. మోత్ర్యాను ఊరు దాటొద్దన్నాడు.

“86లో దాటించినా తిరిగొచ్చాను నాయనా,” అంది ఆమె, అతని బూట్లు అందిస్తూ.

సాయంత్రం పొద్దు గుంకకముందే తొదోస్ మోత్ర్యా ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, ఆమెను ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. అతను గోడకు ఆనుకుని నిలబడి అడిగాడు.

“అత్తా, నెల్లాళ్ళు వాళ్ళకు వండావు. వాళ్ళు తింటూ మాట్లాడుకోలేదా? బందీల గురించి ఒక్కడూ ఒక్క మాట అనలేదా?”

అప్పుడు నాకు తెలిసింది. అతను ఇన్ని రోజులూ ఆమెను చూసి పళ్ళు నూరింది ఇది అడగలేకే. ఆ తిండి పెట్టిన చేతినే వార్త అడుక్కోవాల్సి వచ్చినందుకు.

“రేపు నీ సంతకం పెట్టిరా. తర్వాత అడుగు,” అంది ఆమె.

“ఇప్పుడే అడుగుతున్నాను.”

“రేపు.”

అతను గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. చెప్పొద్దన్న ఆమె మాట నాకు గుర్తుంది. అయినా నా నోరు ఆగలేదు. వంటవాడు, నీళ్ళ డబ్బాలు, ఉత్తరానికి బస్సులు, అన్నీ చెప్పాను. అందరూ నడిచే ఎక్కారని రెండుసార్లు చెప్పాను.

మోత్ర్యా నన్ను చూసిన చూపుకు ఇంకొకడైతే లేచి వెళ్ళిపోయేవాడు. తొదోస్ మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

“మీరిద్దరూ కలిసి అల్లారా?”

“అల్లితే నీ కొడుకు పేరు కూడా పెట్టేవాళ్ళం,” అంది ఆమె. “ఆ మనిషికి పేర్లు తెలీవు. చూసింది చెప్పాడు. అంతే. నిజమో కాదో నాకూ తెలీదు.”

తొదోస్ బల్ల అంచున కూర్చున్నాడు. టోపీ తీశాడు. ఆమె ఉడికిన బంగాళాదుంపల గిన్నె అతని ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు, అవతలికి తొయ్యనూలేదు. వాటి ఆవిరి తగ్గేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు.

“నేను చూసింది లారీ,” అన్నాడు చివరికి. “వంట చూడలేదు. రేపు ఆ మాటే చెబుతాను. తుపాకీ సంగతి మాత్రం నేను మరిచిపోను అత్తా.”

“మరిచిపోవద్దు,” అంది ఆమె. “నేను చెప్పలేదు.”

అతను నమ్మినట్టు లేదు. లేచి ఒక బంగాళాదుంప తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ ఇంటి తలుపును సైనికులు మొదటిరోజు పగలగొట్టాక అది నేలకు రాసుకుని ఈడ్చుకుంటోంది. తొదోస్ బయటికి వెళ్ళి, దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా మెల్లగా మూశాడు.